దవడ ఎముక తరిగినా పన్ను నిలుస్తుంది
పొట్టి ఇంప్లాంట్లతో వెనక పళ్లకు మరో దారి.. కొలతలు సరిచూసుకుంటేనే ప్రయోజనం

పల్లెల్లో పంటి నొప్పికి తెలిసిన మందు ఒకటే, పీకించుకోవడం. ముందు పళ్లయితే నవ్వినప్పుడు బయటపడతాయి కాబట్టి వెంటనే కట్టించుకుంటారు. వెనక దవడ పళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఒక వైపు పోతే రెండో వైపుతో నములుతూ ఏళ్లు గడిపేస్తారు. ఆ రెండో వైపు కూడా కదలడం మొదలై, జొన్నరొట్టె ముక్క గానీ, పండుగనాటి సకినం గానీ నోట పెట్టుకోలేని స్థితి వచ్చాకే పట్నంలోని దంత వైద్యశాల మెట్లెక్కుతారు. స్థిరంగా ఉండే పళ్లు పెట్టమని అడిగినవారికి ఎక్స్‌రే తీశాక తరచూ వినిపించే మాట.. ‘ఎముక లేదు’.

ఆ మాట విన్న కుటుంబానికి సాధారణంగా రెండే దారులు కనిపిస్తాయి. తీసి పెట్టుకునే పళ్ల సెట్టుతో సరిపెట్టుకోవడం ఒకటి. శస్త్రచికిత్సతో ఎముకను పెంచి, నెలల తరబడి ఆగి, ఆ తర్వాత ఇంప్లాంటు వేయించుకోవడం మరొకటి. సెట్టుతో గట్టి పదార్థాలు నమలడం కష్టం. ఎముక పెంచుకోవాలంటే డబ్బు, ఓపిక రెండూ కావాలి. మధుమేహమో, గుండె జబ్బో ఉన్న పెద్దవారు అంత కోతకు జంకుతారు. ఈ రెంటికీ నడుమ ఉన్న మూడో దారి పొట్టి ఇంప్లాంటు. మిగిలిన కొద్దిపాటి ఎముకలోనే ఇమిడేలా తయారైన చిన్న టైటానియం స్క్రూ ఇది. సరైన రోగికి, సరైన చోట వాడితే పెద్ద శస్త్రచికిత్సను తప్పించగలదు. ఎముక తగ్గిన ప్రతివారికీ ఇదే మందు అనుకోవడం మాత్రం పొరపాటు.

ఎముక ఎటు పోతుంది?

దవడలో పంటి వేరును పట్టి ఉంచే ఎముక పన్ను కోసమే ఏర్పడుతుంది. పన్ను పోతే దానికి పని లేదు. వాడకం లేని పాత బావి గట్టులా అది క్రమంగా కుంగుతూ వస్తుంది. పీకిన చోట ఎముక వెడల్పులో దాదాపు సగం మొదటి ఏడాదిలోనే తగ్గిపోతుందని, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే జరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. ఆ తర్వాత వేగం తగ్గినా అరుగుదల ఆగదు. పయోరియాతో పళ్లు కదిలి ఊడినవారిలో పన్ను పోకముందే చాలా ఎముక కరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి వదులైన సెట్టు వాడేవారికి ఆ ఒత్తిడి వల్ల మరికొంత తరుగుతుంది.

పై దవడలో మరో చిక్కుంది. చెంప లోపల, పై దవడ పళ్ల వేళ్లకు సరిగ్గా మీదుగా సైనస్ అనే గాలి గది ఉంటుంది. వెనక పళ్లు పోయాక ఆ గది కిందికి దిగుతుంది. కింది నుంచి ఎముక అరుగుతుంటే పై నుంచి సైనస్ దిగుతుంది. ఒకప్పుడు 12, 15 మిల్లీమీటర్ల మందం ఉన్న చోట చివరికి 5, 6 మిల్లీమీటర్లే మిగలవచ్చు. కింది దవడలో సైనస్ లేదు గానీ ఎముక మధ్యగా ఒక సన్నని సొరంగం సాగుతుంది. కింది పళ్లకు, కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం అందులోనే ఉంటుంది. పైన ఎముక తరిగేకొద్దీ ఆ నరానికి, చిగురుకు మధ్య దూరం తగ్గిపోతుంది. డ్రిల్లు దానికి తగిలితే పెదవి సగభాగం తిమ్మిరెక్కి, కొందరిలో అది శాశ్వతంగా మిగిలిపోతుంది. అన్నం తింటూంటే మెతుకు పెదవికి అంటుకున్నా తెలియని స్థితి అది. అందుకే నరానికి కనీసం 2 మిల్లీమీటర్లు ఎడంగా ఇంప్లాంటు ఆగిపోవాలన్నది దంతవైద్యంలో స్థిరపడ్డ నియమం.

లెక్క సులభమే. నరం మీద 8 మిల్లీమీటర్ల ఎముక ఉంటే, 2 మిల్లీమీటర్లు వదిలేయగా వాడుకోవడానికి మిగిలేది 6 మిల్లీమీటర్లు. మామూలుగా వాడే ఇంప్లాంట్ల పొడవు 10 నుంచి 13 మిల్లీమీటర్లు. అవి అక్కడ పట్టవు. పట్టేది 6 మిల్లీమీటర్లదే. అంటే సన్నబియ్యపు గింజ కంటే కాస్త పొడవు, అంతే.

పొట్టిది నిలుస్తుందా?

ఈ అనుమానం సహజం. కరెంటు స్తంభాన్ని ఎంత లోతు పాతితే అంత గట్టిగా నిలుస్తుందని అందరికీ తెలుసు. దంతవైద్యులు కూడా చాలాకాలం అలాగే భావించారు. ఎముక ఎంత ఉంటే అంత పొడవాటి ఇంప్లాంటు వేయడం ఒకప్పటి పద్ధతి.

ఇంప్లాంటు కథ మొదలైంది స్వీడన్‌లో. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణను గమనించేందుకు టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చారు. ప్రయోగం ముగిశాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక ఆ లోహాన్ని అతుక్కుని పెరిగింది. అదే సూత్రంతో 1965లో తొలిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. ఆ రోగి 2006లో కన్నుమూసేవరకు, అంటే 40 ఏళ్లకు పైగా అవి పనిచేశాయి. బ్రోనెమార్క్ 2014లో మరణించారు.

ఆ తొలి తరం ఇంప్లాంట్ల ఒళ్లు నున్నగా ఉండేది. పొడవైనవి బాగానే నిలిచినా 7 మిల్లీమీటర్ల పొట్టివి ఎక్కువగా విఫలమయ్యేవి. పొట్టి ఇంప్లాంటుకు చెడ్డపేరు వచ్చింది అప్పుడే. 1990లలో తీరు మారింది. సన్నని రేణువులను వేగంగా విసిరి కొట్టించి, ఆ తర్వాత ఆమ్లంలో ముంచి టైటానియం ఒంటిని గరుకుగా చేయడం మొదలైంది. గరుకు గోడకు సిమెంటు పట్టినట్టు ఎముక దానికి గట్టిగా పట్టింది. చిన్న పొడవులోనే ఎముకతో తాకే వైశాల్యం పెరిగింది. నున్నటి ఇంప్లాంట్ల కాలంలో పొట్టివాటికి పడ్డ ముద్రను ఈనాటి వాటికి తగిలించడం సరికాదు.

రెండో కారణం బలం పంపిణీకి సంబంధించింది. కరెంటు స్తంభం పోలిక ఇక్కడ పూర్తిగా కుదరదు. స్తంభం చుట్టూ ఉన్నది వదులు మట్టి. ఇంప్లాంటు చుట్టూ ఉన్నది దానితో కలిసిపోయిన ఎముక. నమిలినప్పుడు పడే ఒత్తిడిలో అధిక భాగం ఇంప్లాంటు మెడ దగ్గర, చిగురుకు దిగువనున్న కొద్ది మిల్లీమీటర్ల గట్టి ఎముక మీదే పడుతుందని కంప్యూటరు నమూనాలతో చేసిన అధ్యయనాలు చూపాయి. అడుగు భాగానికి చేరేది స్వల్పం. అందువల్ల పొడవు పెంచడం కంటే లావు పెంచడమే ఆ ఒత్తిడిని తగ్గించడానికి ఎక్కువ అక్కరకొస్తుంది. పొట్టి ఇంప్లాంట్లు సాధారణంగా 4 మిల్లీమీటర్లు, అంతకు మించిన లావుతో ఉండటానికి కారణం ఇదే.

ఎంత ఉంటే పొట్టి అనాలన్న దానిపై వైద్య సంఘాల మధ్య కొంత తేడా ఉంది. 8 మిల్లీమీటర్లు, అంతకు లోపువాటిని పొట్టివని కొందరు, 6 మిల్లీమీటర్లు, ఆలోపువే పొట్టివని మరికొందరు లెక్కిస్తారు. 4 మిల్లీమీటర్లవి కూడా మార్కెట్లో ఉన్నాయి. 8 మిల్లీమీటర్లది ఇప్పుడు దంతవైద్యులకు మామూలు విషయం. అసలు చర్చంతా 6, ఆ లోపు వాటి చుట్టూనే.

అధ్యయనాల మాట

ఐరోపా కేంద్రంగా వేర్వేరు వైద్యశాలల్లో కలిసి చేసిన ఒక అధ్యయనం ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. పై దవడ వెనక భాగంలో 5 నుంచి 7 మిల్లీమీటర్ల ఎముక మాత్రమే మిగిలిన 101 మందిని తీసుకున్నారు. చీట్లు తీసినట్టుగా రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి 6 మిల్లీమీటర్ల పొట్టి ఇంప్లాంట్లు వేశారు. రెండో వర్గానికి సైనస్‌ను పైకి లేపి ఎముక పొడి నింపి 11 నుంచి 15 మిల్లీమీటర్ల పొడవాటివి వేశారు. అయిదేళ్లకు పొట్టివాటిలో 98.5 శాతం, పొడవాటివాటిలో 100 శాతం నిలిచాయి. పెద్ద తేడా లేదు. ఖర్చులో మాత్రం తేడా గట్టిగా కనిపించింది. పొట్టి ఇంప్లాంటు చికిత్సకు అయిన వ్యయం రెండోదానిలో సుమారు సగమే. కుర్చీలో కూర్చోవలసిన సమయం కూడా తగ్గింది.

కింది దవడపై ఇటలీలో జరిగిన అధ్యయనాలు మరో సంగతి చెప్పాయి. ఎముక ఎత్తు పెంచి పొడవాటి ఇంప్లాంట్లు వేసినవారిలో వాపు, గాయం తెరుచుకోవడం, స్పర్శ తగ్గడం వంటి ఇబ్బందులు పొట్టివి వేయించుకున్నవారిలో కంటే ఎక్కువగా కనిపించాయి. కింది దవడలో ఎముకను పైకి పెంచడం పై దవడలో సైనస్ లేపడమంత నమ్మకమైన పని కాదు. కాబట్టి నరం మీద 7, 8 మిల్లీమీటర్లు మిగిలిన కింది దవడకే ఈ పొట్టి ఇంప్లాంటు వల్ల అసలు మేలు ఎక్కువని చెప్పాలి.

నాణానికి రెండో వైపు కూడా చూడాలి. 6 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఇంప్లాంట్లపై జరిగిన పలు అధ్యయనాలను కలిపి 2018లో వెలువరించిన ఒక సమీక్షలో, ఏడాది నుంచి అయిదేళ్ల కాలానికి వాటి నిలకడ 86.7 నుంచి 100 శాతం మధ్య ఉంది. పొడవాటివాటిది 95 నుంచి 100 శాతం. పైమెట్టులో రెండూ ఒకటే అయినా కింది మెట్టులో పొట్టివి వెనకబడ్డాయి. ఎవరి చేతిలో, ఎలాంటి రోగికి వేశారన్నదాన్ని బట్టి పొట్టివాటి ఫలితం ఎక్కువగా మారుతోందని దీని అర్థం. పైగా ఇవి చాలావరకు అయిదేళ్ల ఫలితాలు. ఇరవై, ముప్పై ఏళ్ల అనుభవం పొడవాటివాటికి ఉన్నంతగా వీటికి లేదు. పొట్టి ఇంప్లాంటును జీవితకాలం గ్యారంటీతో అమ్మజూపే ప్రకటనలను ఈ దృష్టితో చూడాలి.

ఇంకొక లెక్క రోగి తప్పక తెలుసుకోవలసింది. ఏ ఇంప్లాంటు చుట్టూ అయినా కాలక్రమంలో కొంత ఎముక అరుగుతుంది. చిగురు శుభ్రత లేక చీము పడితే ఈ అరుగుదల వేగమవుతుంది. 12 మిల్లీమీటర్ల ఇంప్లాంటు చుట్టూ 2 మిల్లీమీటర్లు పోతే ఇంకా 10 మిగిలి ఉంటుంది. 6 మిల్లీమీటర్లదాని చుట్టూ అంతే పోతే మూడో వంతు పట్టు పోయినట్టే. పొట్టి ఇంప్లాంటుకు పొదుపు చేయడానికి ఎముక లేదు. నిర్లక్ష్యానికి చోటు అంతకన్నా లేదు.

ఎవరికి తగదు?

పొట్టి ఇంప్లాంటుకు ఎత్తు తక్కువైనా చెల్లుతుంది గానీ వెడల్పు తక్కువైతే చెల్లదు. ఇంప్లాంటుకు ఇరువైపులా కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు ఎముక ఉండాలి. అంటే 4 మిల్లీమీటర్ల లావు దానికి 7 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. కత్తి అంచులా సన్నబడ్డ దవడకు ఇది పనికిరాదు. పై దవడలో బాగా వెనక భాగాన ఎముక స్పాంజిలా మెత్తగా ఉంటుంది. అక్కడ 4 మిల్లీమీటర్లకు మించి ఎత్తు మిగలనివారికి సైనస్ లేపడమే మేలని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

నిద్రలో పళ్లు పటపట కొరికేవారికి ప్రమాదం ఎక్కువ. వెనక పళ్ల మీద పడే బలం ముందు పళ్ల మీద పడేదానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. ఎముక తరిగిన చోట పైన కట్టే పన్ను మామూలు కంటే పొడుగ్గా కట్టాల్సి వస్తుంది. పునాది పొట్టి, గోడ పొడుగు. దీనివల్ల ఇంప్లాంటు ఊడకపోయినా లోపలి చిన్న స్క్రూ వదులవడం, పైన తొడిగిన క్యాపు పగలడం వంటివి ఎదురవుతాయి. రెండు మూడు పొట్టి ఇంప్లాంట్లను పక్కపక్కన వేసి పైన పళ్లను ఒకదానికొకటి కలిపి కట్టడం ఇందుకే. దూలాలు కలిపితే భారం పంచుకున్నట్టు ఒక్కొక్కదాని మీద బరువు తగ్గుతుంది. ఒంటరిగా ఒక్క 6 మిల్లీమీటర్ల ఇంప్లాంటు మీద చివరి దవడ పన్ను కడతామంటే కాస్త ఆలోచించుకోవాలి.

పొగాకు సంగతి వేరే చెప్పాలి. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం తాగనివారి కంటే సుమారు రెట్టింపని అధ్యయనాలు చెబుతున్నాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంత పల్లెల్లో కొందరు మహిళలకు చుట్టను కొరివివైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉండేది, ఇప్పటికీ పెద్దవారిలో అక్కడక్కడా ఉంది. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి క్యాన్సర్‌తో ఈ అలవాటుకున్న సంబంధం దశాబ్దాల కిందటే రుజువైంది. అలాంటివారికి ఇంప్లాంటు కంటే ముందు నోటి పరీక్ష జరగాలి, తెల్లటి మచ్చలు గానీ మానని పుండు గానీ ఉంటే ముక్క పరీక్షకు పంపాలి. గుట్కా, ఖైనీ వాడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. నోరు సరిగా తెరుచుకోనివారికి వెనక దవడలో డ్రిల్లు పట్టడమే కష్టం.

మధుమేహం ఉన్నంత మాత్రాన ఇంప్లాంటు తగదనేమీ లేదు, అదుపులో ఉండాలి. ఆ పూట చక్కెర ఎంతన్నది కాక, గత మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూడాలి. అది 8 శాతం దాటి ఉంటే చాలామంది దంతవైద్యులు శస్త్రచికిత్సను వాయిదా వేస్తారు. ఎముకలు గుల్లబారాయని అలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజక్షనో వాడుతున్న మహిళలు ఆ సంగతి అడగకపోయినా చెప్పాలి. ఆ మందులు వాడేవారిలో దవడకు కోత పడితే గాయం మానక ఎముక కుళ్లే ముప్పు కొందరికి ఉంటుంది. ముఖానికి, మెడకు రేడియేషన్ చికిత్స పొందినవారు కూడా అంతే. రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. గుండె వైద్యుడిని అడిగాకే ఏదైనా.

కొలతలో ఉంది కిటుకు

పొట్టి ఇంప్లాంటులో ఆట అంతా మిల్లీమీటర్ల మీద నడుస్తుంది. ఒక్క మిల్లీమీటరు తప్పితే నరమో, సైనసో తగులుతుంది. కొలిచే పద్ధతిని రోగి పట్టించుకోవలసింది ఇక్కడే. దవడ మొత్తాన్ని ఒకే ఫిల్ములో చూపే ఓపీజీ ఎక్స్‌రే చౌక, చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది. కానీ అది ఉన్నదానిని పెద్దదిగా చూపుతుంది. యంత్రాన్ని బట్టి 20, 25 శాతం దాకా తేడా ఉండవచ్చు. ఫిల్ము మీద 10 మిల్లీమీటర్లు కనిపిస్తే నిజానికి ఉండేది 8. పైగా అందులో ఎముక ఎత్తు కనిపిస్తుందే గానీ వెడల్పు తెలియదు. దవడను ముక్కలు ముక్కలుగా కోసి చూపినట్టు మూడు దిశల్లో చూపేది సీబీసీటీ స్కాన్. దానికి ఖర్చు ఎక్కువే, అయినా ఎముక తక్కువున్నవారి విషయంలో అది లేకుండా డ్రిల్లు పట్టడం సాహసమే అవుతుంది. డ్రిల్లు మొన ఇంప్లాంటు పొడవు కంటే కొద్దిగా ముందుకు పోతుందన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్కాన్ నివేదికలో ‘నరం మీద ఎన్ని మిల్లీమీటర్లు, వెడల్పు ఎంత’ అన్న రెండు అంకెలు అడిగి రాయించుకుంటే, మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం తేలికవుతుంది.

చికిత్స మాత్రం అనుకున్నంత భయం గొలిపేది కాదు. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజక్షనే సరిపోతుంది. చిగురు తెరిచి, చల్లటి సెలైన్ నీటి ధార కింద నిదానంగా రంధ్రం చేసి, స్క్రూ బిగించి కుట్లు వేస్తారు. ఎముక వేడెక్కితే మాడిపోతుంది కనుకనే ఆ నీటి ధార. మర్నాడు కొంత వాపు, నొప్పి ఉంటాయి. ఆ తర్వాత వేచి ఉండాలి. కింది దవడలో సుమారు రెండు మూడు నెలలు, మెత్తటి పై దవడలో అంతకంటే ఎక్కువ కాలం ఎముక అతుక్కోవడానికి వదిలేసి, అప్పుడు పన్ను కడతారు. పొట్టి ఇంప్లాంటు మీద వెంటనే పన్ను కట్టి నమలమనడం అరుదు. పట్టణాల హోర్డింగుల మీద కనిపించే ‘మూడు రోజుల్లో పళ్లు’ వేరే పద్ధతికి సంబంధించినవి. పొడవాటి స్క్రూలను దవడ లోతుల్లోని గట్టి ఎముకలోకి దించి చేసేవి అవి. రెంటినీ ఒకటిగా పోల్చుకుని ధర అడగడం వల్ల చాలామంది తికమక పడుతున్నారు.

ఎముక పెంచక తప్పనివారు ఒక విషయం ముందుగా అడగడం మంచిది. నింపే పొడి దేనితో తయారైంది? రోగి గడ్డం నుంచో, దవడ వెనక నుంచో తీసిన సొంత ఎముక కావచ్చు, కృత్రిమంగా తయారైన కాల్షియం పదార్థం కావచ్చు. ఎక్కువగా వాడేవాటిలో పశువుల ఎముకను శుద్ధి చేసి తయారు చేసిన పొడి ఒకటి. వైద్యపరంగా దానివల్ల ఇబ్బంది లేదు. నమ్మకాల రీత్యా అభ్యంతరం ఉన్నవారికి మాత్రం ముందే చెప్పడం వైద్యుడి బాధ్యత, అడగడం రోగి హక్కు. పొట్టి ఇంప్లాంటుతో ఆ పొడి అవసరమే చాలాసార్లు రాదు.

ఎక్కడ, ఏం అడగాలి?

ప్రతి పట్టణంలో దంత వైద్యశాల ఉన్నా తరిగిన దవడలో ఇంప్లాంటు వేసే అనుభవం అందరికీ ఒకేలా ఉండదు. కట్టుడు పళ్ల నిపుణులు, చిగుళ్ల నిపుణులు, నోటి శస్త్రచికిత్స నిపుణులు ఈ పని చేస్తారు. హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడ, కడపలలోను ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటులో లక్షలు చెప్పారని బెంబేలెత్తేవారు నిర్ణయానికి ముందు స్కాన్ కాగితం పట్టుకుని అలాంటి చోట ఒకసారి చూపించుకుంటే, తమకు ఏది తగునన్న స్పష్టత వస్తుంది. ఊళ్లో మందుల దుకాణంలోనో, సంతలోనో పళ్లు కట్టే అర్హత లేనివారి చేతిలో ఈ పని పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ధర అడిగేటప్పుడు ‘ఒక ఇంప్లాంటు ఎంత’ అనడం చాలదు. ఇంప్లాంటు, దాని మీద బిగించే ముక్క, ఆ పైన క్యాపు, స్కాన్, మధ్యలో వేసే తాత్కాలిక పన్ను.. ఇవన్నీ కలిపి ఎంతో రాయించుకోవాలి. కొన్నిచోట్ల తక్కువ ధర చెప్పి, క్యాపు దగ్గరికి వచ్చేసరికి వేరే లెక్క తీస్తారు. విఫలమైతే మళ్లీ వేస్తారా, దానికి ఖర్చు ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవలసిన మాట. ఎమ్మారై స్కాన్‌కు టైటానియం అడ్డు వస్తుందేమోనని కొందరు అడుగుతుంటారు. సాధారణంగా రాదు, ఉన్న సంగతి స్కాన్ చేసేవారికి చెబితే చాలు.

పన్ను కట్టాక పని అయిపోయినట్టు అనుకోవద్దు. ఇంప్లాంటుకు పిప్పి పట్టదు గానీ దాని చుట్టూ చిగురు వాస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికి తెలియకుండానే లోపల ఎముక కరుగుతుంది. రోజుకు రెండుసార్లు తోముకోవడంతో పాటు రెండు పళ్ల మధ్య పోయే సన్నని బ్రష్ వాడాలి. వేప పుల్లతో చేయి తిరిగినవారు ముందు పళ్ల వరకు దానితోనే తోముకున్నా, వెనక దవడ సందులకు అది అందదు. తోమేటప్పుడు ఇంప్లాంటు చుట్టూ రక్తం కనిపించినా, క్యాపు కాస్త కదిలినట్టు అనిపించినా ఆరు నెలల పరీక్ష దాకా ఆగకుండా వెళ్లాలి. కదులుతున్నది లోపలి స్క్రూ అయితే బిగించుకోవచ్చు. ఆలస్యమైతే అది విరిగి, బాగు చేయడం కష్టమవుతుంది.

వేయించుకున్న రోజున ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కరును అడిగి తీసుకుని వైద్య ఫైలులో అంటించుకోవాలి. కంపెనీ పేరు, పొడవు, లావు, బ్యాచ్ నంబరు అందులో ఉంటాయి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం బిగింపు పరికరం కావాలి. పదేళ్ల తర్వాత ఊరు మారినా, వేసిన వైద్యుడు అందుబాటులో లేకపోయినా ఆ స్టిక్కరు ఉంటే మరో చోట మరమ్మతు సాధ్యమవుతుంది.